మాష్‌కి ఎసరెంత, స్పార్జ్‌కి నీళ్లెన్ని: ఆల్ గ్రెయిన్ బీరుకు నీటి లెక్క

గంజి వార్చే ఇంట్లో ఎసరు కొలత ఎవరూ పట్టించుకోరు. ఎక్కువైన నీళ్లు వార్పులో పోతాయి. అత్తెసరు పెట్టే ఇంట్లో అలా కుదరదు. బియ్యం పాతవో కొత్తవో, గిన్నె ఎంత వెడల్పో చూసుకుని గ్లాసుకు ఎన్ని గ్లాసులో ముందే తేల్చుకోవాలి. మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) గింజలతో మొదలుపెట్టి చేసే ఆల్ గ్రెయిన్ బీరు అత్తెసరు లాంటిదే. పగలగొట్టిన మాల్టును వేడినీళ్లలో నానబెట్టి పిండిని చక్కెర చేయడం మాష్, తర్వాత ఆ పిప్పిని వేడినీళ్లతో కడిగి మిగిలిన చక్కెర రాబట్టడం స్పార్జ్. అలా దిగే తీపి నీళ్లే వర్ట్. పోసిన నీళ్లలో కొన్ని పిప్పి పీల్చుకుంటుంది, కొన్ని మాష్ చేసే పాత్ర, అంటే మాష్ టన్ అడుగున నిలిచిపోతాయి, కొన్ని మరుగులో ఆవిరవుతాయి, కొన్ని వర్ట్ మరిగించే కెటిల్ అడుగు మడ్డితో పోతాయి. ఇవన్నీ పోగా పులియబెట్టే ఫెర్మెంటర్‌లోకి అనుకున్నన్ని లీటర్లే దిగాలి. 21 లీటర్లు దిగాల్సిన చోట 23 దిగితే బీరు పలచన, 19 దిగితే చిక్కన. రెసిపీలో రాసిన గ్రావిటీ (వర్ట్ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె, వట్టి నీళ్లకు 1.000) గానీ, చేదు గానీ, ఆల్కహాల్ శాతం గానీ అప్పుడు మీ బీరుకు వర్తించవు.

సాఫ్ట్‌వేర్లు, ఆప్‌లు ఈ లెక్క చేసిపెడతాయి. కానీ వాటిలో ముందే నింపి ఉన్న అంకెలు ఇంకెవరి కెటిల్‌వో, ఇంకెవరి మంటవో. మీ సామాను అంకెలు మీరు కొలిచి ఇవ్వకపోతే ఏ ఆప్ అయినా తప్పే చెబుతుంది. అందుకే ముందు కొలతలు, తర్వాతే లెక్క.

మొదలుపెట్టే ముందు చట్టం సంగతి. అమెరికాలో 1978లో చేసిన ఫెడరల్ చట్టంతో సొంతానికి బీరు చేసుకోవడం అనుమతి పొందింది. ఇంట్లో పెద్దవారు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉంటే ఇంటికి 200 గాలన్లు పరిమితి. అమ్మకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడం ఎక్సైజ్ చట్టాల కింద నేరం. కాబట్టి ఈ పద్ధతి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో గ్యారేజీలో కెటిల్ పెట్టుకున్నవారికి. హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్నవారికి కాదు.

కొలతలన్నీ లీటర్లు, కిలోలు, సెంటీగ్రేడ్‌లో ఇస్తున్నాం. అమెరికన్ రెసిపీ చేతిలో ఉంటే గాలన్‌ను 3.785తో గుణిస్తే లీటర్లు, పౌండ్‌ను 0.454తో గుణిస్తే కిలోలు. పౌండుకు ఇన్ని క్వార్టుల నీళ్లు అని రాసి ఉంటే 2.09తో గుణించండి, కిలోకు ఎన్ని లీటర్లో వస్తుంది. పౌండుకు ఒకటిం పావు క్వార్టు అంటే కిలోకు 2.6 లీటర్లు.

ముందు మీ సామానును కొలవండి

ఒక శనివారం మధ్యాహ్నం వట్టి నీళ్లతోనే ఈ పని అయిపోతుంది.

కెటిల్‌కు కొలకర్ర చేసుకోండి. పొడవాటి చెక్క గరిటె గానీ, స్టీలు స్కేలు గానీ చాలు. రెండు లీటర్ల జగ్గుతో చన్నీళ్లు పోస్తూ, పోసిన ప్రతిసారీ గరిటె నిలువుగా ముంచి నీటి గీత దగ్గర కత్తితో గాటు పెట్టండి. జగ్గు మీద ముద్రించిన గీతను గుడ్డిగా నమ్మకండి. కిచెన్ త్రాసు మీద పెట్టి చూడండి, లీటరు చన్నీళ్లు కిలో తూగాలి. కొన్ని కెటిళ్ల లోపల చెక్కిన గీతలు కూడా అర లీటరు దాకా తేడా ఉంటాయి.

ఆవిరి లెక్క కోసం 20 లీటర్ల నీళ్లు పోసి, బ్రూ రోజున ఎంత మంట పెడతారో అంతే పెట్టి, మూత లేకుండా మరిగించండి. మరుగు మొదలైన క్షణం నుంచి గంట లెక్కపెట్టండి. ఆపాక చల్లారనిచ్చి కొలవండి. గ్యాస్ బర్నర్ మీద ఇంటి సైజు కెటిల్‌లో సాధారణంగా గంటకు 3 నుంచి 5 లీటర్లు పోతాయి. కరెంటు సామానులో అంతకంటే తక్కువ. ఇక్కడ చాలామంది చేసే తప్పు, ఆవిరిని శాతంగా పట్టుకోవడం. గంటకు పది శాతం పోతుందని ఎక్కడో చదివి, 15 లీటర్ల బ్రూకీ 40 లీటర్ల బ్రూకీ అదే వాడతారు. ఆవిరి నిర్ణయించేది కెటిల్ నోటి వెడల్పు, మంట జోరు, గాలి. లోపల ఎన్ని లీటర్లున్నా గంటకు పోయేది దాదాపు అంతే. పొడిగాలి వీచే రోజు ఆరుబయట కాస్తే కొంచెం ఎక్కువ పోతుంది.

మాష్ టన్‌లో నిలిచిపోయే నీళ్లను డెడ్ స్పేస్ అంటారు. టన్‌లో 5 లీటర్లు పోసి, కొళాయి తిప్పి, ఆగేదాకా వదలండి. బయటకు 4.1 వస్తే డెడ్ స్పేస్ 0.9 లీటర్లు. బ్రూ రోజున టన్‌ను వంచే అలవాటుంటే ఇప్పుడూ వంచండి, లేకపోతే వద్దు.

గింజలు పీల్చుకునే నీళ్లు మొదటిసారికి కిలోకు 1 లీటరు అనుకోండి. కూలర్‌తో (వేడి, చలి నిలిపే ఐస్ పెట్టె) చేసిన మాష్ టన్, ఫాల్స్ బాటమ్ (గింజలను ఆపే చిల్లుల పళ్లెం) ఉన్న సామానుకు ఇది దగ్గరగా సరిపోతుంది. సంచిలో మాష్ చేసేవారికి కిలోకు 0.6 నుంచి 0.7, సంచిని గట్టిగా పిండితే 0.5 దాకా దిగుతుంది. మొదటి బ్రూ తర్వాత దీన్ని మీ సొంత అంకెతో మార్చుకోవాలి. ఎలాగో చివర్లో ఉంది.

కెటిల్ అడుగున వదిలేసేది హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) పిప్పి, గడ్డకట్టిన ప్రొటీన్. దీన్ని ట్రబ్ అంటారు, మన మాటలో మడ్డి. హాప్స్ తక్కువ వేసే బీరుకు లీటరున్నర, హాప్స్ దండిగా వేసే ఐపీఏ లాంటి వాటికి రెండున్నర, మూడు లీటర్లు కూడా పోతాయి.

వెనక నుంచి ముందుకు లెక్కించండి

రెసిపీలో 5 గాలన్లు అని ఉంటే ముందు అడగాల్సింది, అది ఎక్కడి 5 గాలన్లు అని. కెగ్‌లోనా (తయారైన బీరు నింపే పీపా), ఫెర్మెంటర్‌లోనా, మరిగాక కెటిల్‌లోనా? ఒక్కో రచయితది ఒక్కో లెక్క. కెగ్ నిండాలంటే ఫెర్మెంటర్‌లోకి అంతకంటే ఎక్కువ దిగాలి, ఎందుకంటే ఈస్ట్, ఫెర్మెంటర్‌లోనే వేసే డ్రై హాప్స్ అడుగున కొంత పట్టుకుంటాయి.

5 కిలోల మాల్టుతో 19 లీటర్ల కెగ్ నింపే పేల్ ఏల్ ఉదాహరణగా తీసుకుందాం. ఇక్కడ ప్రతి అంకె చన్నీళ్ల కొలత.

కెగ్‌లోకి 19. ఫెర్మెంటర్ అడుగున ఈస్ట్‌తో పోయేది 2. కాబట్టి ఫెర్మెంటర్‌లోకి 21 దిగాలి.
కెటిల్ మడ్డికి 2. మరిగి చల్లారాక కెటిల్‌లో 23 ఉండాలి.
గంట మరుగులో ఆవిరి 4. మరిగే ముందు కెటిల్‌లో 27 ఉండాలి.
5 కిలోల గింజలు పీల్చేది 5. మాష్ టన్ డెడ్ స్పేస్ 1.
మొత్తం నీళ్లు: 27 + 5 + 1 = 33 లీటర్లు.

పిల్స్నర్ మాల్టు ఎక్కువ ఉన్న బీరును గంటన్నర మరిగించడం వాడుక. అప్పుడు ఆవిరి 4 కాదు, 6. మొత్తం 35 అవుతుంది.

చన్నీళ్ల కొలత అని ఎందుకు నొక్కి చెప్పామంటే, నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి. 20 డిగ్రీల దగ్గర కొలిచిన నీళ్లు 70 డిగ్రీలకు సుమారు 2 శాతం, మరిగే వేడికి సుమారు 4 శాతం పెరుగుతాయి. మన 27 లీటర్లు స్పార్జ్ అయిపోయి 70 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కొలకర్ర మీద 27.5గా కనబడతాయి, మరుగు అందుకున్నాక 28గా. మంట ఆపిన క్షణంలో 23 బదులు 24 కనబడుతుంది. ఇది తెలియకపోతే 27 గీత దగ్గరే స్పార్జ్ ఆపేస్తారు, ఫెర్మెంటర్‌లో అర లీటరు తక్కువ పడుతుంది. మరుగు మీద గీత చూసి ఆపేవారికి లీటరు తగ్గుతుంది. లెక్కంతా చన్నీళ్లలో చేయండి, వేడి కెటిల్‌లో చూసిన అంకెను మాత్రం మార్చుకోండి. రెండు రకాల లీటర్లను ఒకే కూడికలో కలిపితే ఎక్కడ తప్పిందో కూడా తెలియదు.

33 లీటర్లను రెండుగా పంచడం

మాష్‌లో ఎన్ని పోయాలి, స్పార్జ్‌కి ఎన్ని ఉంచాలి అన్నది మీరు స్పార్జ్ చేసే తీరును బట్టి ఉంటుంది.

ఫ్లై స్పార్జ్ అంటే పైన వేడినీళ్లు సన్నగా పడుతుండగా కింద వర్ట్ సన్నగా దిగుతుండటం. దీనికి మాష్ కొంచెం చిక్కగా, కిలోకు 2.6 నుంచి 3.1 లీటర్ల మధ్య ఉంచుతారు. కిలోకు 3 అనుకుంటే 15 లీటర్లు. ఫాల్స్ బాటమ్ కింద నిలిచే లీటరు గింజలకు తగలదు కాబట్టి అది కలిపితే 16. గింజలు 5, డెడ్ స్పేస్ 1 పోగా తొలి వర్ట్ 10 లీటర్లు. కెటిల్‌కు కావాల్సింది 27, కాబట్టి స్పార్జ్‌కి 17. రెండూ కూడి చూడండి, 16 + 17 = 33. కూడిక సరిపోకపోతే ఎక్కడో ఒక నష్టాన్ని రెండుసార్లు లెక్కేశారని అర్థం.

ఆ రెండుసార్ల లెక్క అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. గింజలు మాష్‌లోనే తడిసిపోయాయి, డెడ్ స్పేస్ అప్పుడే నిండింది. స్పార్జ్ నీళ్లలో అవి ఇంకేమీ తీసుకోవు. ఎన్ని పోస్తే అన్నీ కిందికి వస్తాయి. ఇది మరిచి స్పార్జ్‌కి కూడా 5 లీటర్లు కలిపి 22 పోస్తే కెటిల్‌లో 32 పడతాయి. ఆ అయిదు లీటర్లు పోవడానికి ఇంకో గంటా పావు మరిగించాలి.

బ్యాచ్ స్పార్జ్ అంటే తొలి వర్ట్ పూర్తిగా వదిలేసి, మిగతా నీళ్లు ఒకేసారి పోసి, కలియబెట్టి, మళ్లీ వదలడం. ఇందులో రెండు దఫాల వర్ట్ సమానంగా ఉన్నప్పుడు చక్కెర బాగా వస్తుంది. 27లో సగం 13.5. తొలి దఫా 13.5 రావాలంటే మాష్‌లో 13.5 + 5 + 1 = 19.5 లీటర్లు. స్పార్జ్‌కి 13.5. మొత్తం మళ్లీ 33. కిలోకు 3.9 లీటర్లు పలచన కదా అని బెదరక్కర్లేదు. నేటి మాల్టులో ఎంజైములు దండిగా ఉంటాయి, అంత పలచనలోనూ పిండి పూర్తిగా చక్కెర అవుతుంది. రెండు దఫాలు ఒకటి రెండు లీటర్లు అటూ ఇటూ అయినా నష్టం స్వల్పం. చేతిలో పెద్ద మాష్ టన్ ఉన్నవారికి మేము బ్యాచ్ స్పార్జే చెబుతాం. సామాను తక్కువ, సమయం తక్కువ, తప్పుకు చోటు తక్కువ.

సంచిలో మాష్ చేసేవారికి పంపకమే లేదు. డెడ్ స్పేస్ ఉండదు, పీల్చేది కిలోకు 0.6 అనుకుంటే 3 లీటర్లు. 27 + 3 = 30 లీటర్లు, అన్నీ ఒకేసారి. కెటిల్ చిన్నదైతే ఆరు లీటర్లు పక్కన పెట్టి, 24తో మాష్ చేసి, సంచి పైకెత్తాక ఆ ఆరింటినీ దాని మీద పోసి కడగండి.

టన్‌లో పడుతుందా?

బ్రూ రోజున పొంగిపోయే దాకా ఆగకుండా ఈ ఒక్కటీ ముందే చూసుకోండి. కిలో మాల్టు నీళ్లలో సుమారు 0.67 లీటర్ల చోటు తీసుకుంటుంది. 5 కిలోలకు 3.35. బ్యాచ్ స్పార్జ్ మాష్ అయితే 19.5 + 3.35, అంటే దాదాపు 23 లీటర్లు. 10 గాలన్ల కూలర్‌లో, అంటే 38 లీటర్లలో హాయిగా పడుతుంది. 5 గాలన్ల కూలర్‌లో పడదు. ఫ్లై స్పార్జ్ లెక్క ప్రకారం 16 పోసినా 19.35 అవుతుంది, అదీ 19 లీటర్ల కూలర్‌లో పట్టదు.

చిన్న కూలరే ఉన్నవారు వెనక నుంచి రావాలి. కలియబెట్టడానికి పైన లీటరు ఖాళీ ఉంచితే 18. అందులో గింజల చోటు పోతే నీళ్లకు 14.5 మిగులుతుంది. తొలి వర్ట్ 8.5. ఇంకా కావాల్సిన 18.5 లీటర్లను 9.25 చొప్పున రెండు దఫాలుగా స్పార్జ్ చేయండి. దఫాలు పెరిగితే చక్కెర కొంచెం ఎక్కువే వస్తుంది, పోయేది సమయమే.

సంచి పద్ధతికి 30 + 3.35, అంటే 33 లీటర్లు దాటుతుంది. 38 లీటర్ల కెటిల్ ఉండాలి.

ఎసరు ఎంత వేడి ఉండాలి

గింజలు చల్లగా ఉంటాయి కాబట్టి ఎసరు మాష్ వేడి కంటే ఎక్కువ ఉండాలి. సూత్రం ఇది: 0.41ని కిలోకు పోసే లీటర్లతో భాగించండి. వచ్చినదాన్ని మాష్ వేడికీ గింజల వేడికీ ఉన్న తేడాతో గుణించండి. దానికి మాష్ వేడి కలపండి.

5 కిలోలకు 16 లీటర్లు అంటే కిలోకు 3.2. గింజలు 20 డిగ్రీలు, మాష్ 67 కావాలి. 0.41 ÷ 3.2 = 0.128. దాన్ని 47తో గుణిస్తే 6. ఎసరు 73 డిగ్రీలు.

గింజల వేడిని ఊహించకండి, థర్మామీటర్ గుచ్చి చూడండి. జనవరిలో న్యూజెర్సీ గ్యారేజీలో ఉంచిన మాల్టు 5 డిగ్రీలు ఉంటే ఇదే ఎసరు 75 కావాలి. ఆగస్టులో టెక్సస్ గ్యారేజీలో 35 డిగ్రీలున్న మాల్టుకు 71 చాలు. బ్యాచ్ స్పార్జ్ కోసం 19.5 పోస్తే 72, సంచిలో 30 పోస్తే 70. నీళ్లు ఎక్కువయ్యే కొద్దీ అవే వేడిని మోస్తాయి, ఎసరు అంత మండిపోనక్కర్లేదు.

సూత్రంలో లేనిది కూలర్ గోడలు తాగే వేడి. చల్లటి కూలర్ ఒకటి రెండు డిగ్రీలు లాగేస్తుంది. నాలుగైదు లీటర్ల మరిగే నీళ్లు పోసి, మూత పెట్టి, పది నిమిషాల తర్వాత పారబోస్తే ఆ సమస్య ఉండదు. ఆ నీళ్లు 33లో కలపకూడదు. ఇంకో చిన్న విషయం, 16 లీటర్లు చన్నీళ్లప్పుడే కొలిచి పెట్టండి. 73 డిగ్రీలకు అవే 16.4గా కనబడతాయి. వేడెక్కాక గీత చూసి 16కి తగ్గిస్తే మీరు పోసింది నిజానికి 15.6.

గింజలు పోశాక ఉండలు కట్టకుండా కలిపి, అయిదు నిమిషాలు ఆగి, రెండు మూడు చోట్ల వేడి చూడండి. ఒక్క చోటే చూసి చన్నీళ్లో మరుగునీళ్లో గబగబా పోయడం వల్లే మాష్ చాలాసార్లు చెడుతుంది. రెండు డిగ్రీలు తగ్గిందని తేలితే 16 లీటర్ల మాష్‌కి ఒక లీటరు మరిగే నీళ్లు సుమారు 2 డిగ్రీలు పెంచుతాయి. అలా పోసిన లీటరును స్పార్జ్ నీళ్లలోంచి తగ్గించండి.

స్పార్జ్ చేసేటప్పుడు

స్పార్జ్‌లో గింజల పడక 75, 76 డిగ్రీలకు రావాలి, 77 దాటకూడదు. ఫ్లై స్పార్జ్‌లో నీళ్లు 76, 77 ఉంటే చాలు. బ్యాచ్ స్పార్జ్‌లో పోసే నీళ్లు అప్పటికే 65 డిగ్రీలున్న తడి పిప్పితో కలుస్తాయి కాబట్టి 13.5 లీటర్లను 81 డిగ్రీల దగ్గర పోస్తే పడక 75కి వస్తుంది. నీళ్ల వేడి చూసి భయపడి 76వే పోస్తే పడక 72 దాటదు. పెద్ద నష్టం కాదు గానీ వర్ట్ నెమ్మదిగా దిగుతుంది.

వేడి కంటే ఎక్కువ హాని చేసేది పీహెచ్. మొదట మాష్ 5.2 నుంచి 5.5 మధ్య ఉండాలి, మాల్టు దాన్ని అక్కడికి దగ్గరగా పట్టుకుంటుంది. స్పార్జ్ చివరికొచ్చేసరికి చక్కెరతో పాటు ఆ పట్టూ పోతుంది, మీ కొళాయి నీటి క్షారత్వం పైకి వస్తుంది. పడక పీహెచ్ 6 వైపు పోతే పొట్టులోని టానిన్లు కరిగి, బీరు పచ్చి వక్క నమిలినట్టు నాలుకను పిడచకట్టిస్తుంది. క్షారత లీటరుకు 150 మిల్లీగ్రాములున్న నీళ్లు 17 లీటర్లకు 88 శాతం లాక్టిక్ యాసిడ్ మూడున్నర నుంచి నాలుగు మిల్లీలీటర్లు కలిపితే 5.5, 6 మధ్యకు దిగుతుంది. కలిపాక పీహెచ్ మీటరుతో చూడండి. నగర నీటి సరఫరా నివేదికలో క్షారత అంకె ఉంటుంది. ఫ్లై స్పార్జ్‌లో దిగే వర్ట్ గ్రావిటీ 1.010కి పడిపోతే స్పార్జ్ ఆపి, మిగతా నీళ్లు నేరుగా కెటిల్‌లో పోయండి. అప్పుడు లీటర్లు సరిపోతాయి, వగరూ రాదు.

క్లోరిన్, క్లోరమైన్ విరగడానికి క్యాంప్‌డెన్ మాత్ర ఒకటి 20 గాలన్లకు సరిపోతుంది. మన 33 లీటర్లకు సగం మాత్ర పొడి చేసి మొత్తం నీళ్లలో ముందే కలపండి. మాష్ నీళ్లకే కలిపి స్పార్జ్ నీళ్లను మరిచిపోవడం మామూలుగా జరిగే పొరపాటు.

ఫ్లై స్పార్జ్‌ను ముప్పావు గంట నుంచి గంటలో ముగించండి. గింజల మీద ఎప్పుడూ రెండు సెంటీమీటర్ల నీళ్లు నిలిచి ఉండాలి. వేగంగా వదిలితే నీళ్లు పడకలో దారులు చేసుకుని పక్కనుంచి జారిపోతాయి. లీటర్లు వస్తాయి గానీ చక్కెర రాదు. ఇంకొక చిక్కు, వేడినీళ్ల గిన్నెకూ సొంత డెడ్ స్పేస్ ఉంటుంది. కొళాయి కంటే కింద లీటరు నిలిచే గిన్నె అయితే 17 కావాలంటే 18 కాచాలి.

గోధుమ, రై, ఓట్స్ ఎక్కువున్న మాష్ జిగటగా మారి ఆగిపోతుంది. దానికి వడ్ల ఊక కలపడం బ్రూయింగ్‌లో మామూలు పద్ధతి. బ్రూ సామాను దుకాణాల్లో రైస్ హల్స్ పేరుతో అమ్మేది ఇదే. తవుడు కాదు, తవుడు వేస్తే ఇంకా బిగుసుకుంటుంది. గింజల బరువులో 5 నుంచి 10 శాతం ఊకను నీళ్లలో కడిగి, తడిగానే కలపండి. పొడిగా వేస్తే అదీ నీళ్లు పీల్చుకుని మీ లెక్కను తగ్గిస్తుంది.

బలమైన బీరుకూ తేలిక బీరుకూ లెక్క మారేది ఇక్కడే

8 కిలోల మాల్టు వేస్తే మొత్తం నీళ్లు 27 + 8 + 1 = 36. మాష్‌కి 25, తొలి వర్ట్ 16, స్పార్జ్‌కి 11 మాత్రమే. పిప్పి ఎక్కువ, కడిగే నీళ్లు తక్కువ, కాబట్టి చక్కెర చాలా భాగం పిప్పిలోనే మిగిలిపోతుంది. గ్రావిటీలో 1.000కి పైన ఉన్న వెయ్యో వంతులను పాయింట్లు అంటారు, 1.049 అంటే 49. వాటిని లీటర్లతో గుణిస్తే లీటర్ పాయింట్లు. పేల్ మాల్టు కిలోకు సుమారు 300 లీటర్ పాయింట్లు ఇవ్వగలదు. మామూలు బీరులో 75 శాతం రాబట్టే సామాను ఇక్కడ 65కి పడిపోవచ్చు. 75 అనుకుని లెక్కేస్తే 8 × 300 × 0.75 ÷ 23 = 78, అంటే 1.078 వస్తుందని ఆశిస్తారు. 65 అయితే వచ్చేది 1.068. ముందే తెలిస్తే గింజలు పెంచుకోవచ్చు.

తేలిక బీరుకు దీనికి తలకిందుల సమస్య. 3 కిలోలకు మొత్తం 31. కిలోకు 3 చొప్పున మాష్ చేస్తే 10 పోసి 6 వస్తుంది, స్పార్జ్‌కి 21 మిగులుతాయి. కిలోకు 7 లీటర్లతో కడగడం మితిమీరిన కడుగు. మాష్‌ను కిలోకు 5 చేయండి. 16 పోస్తే 12 వస్తుంది, స్పార్జ్ 15కి తగ్గుతుంది. దాంట్లోనూ అయిదు లీటర్లు నేరుగా కెటిల్‌లో పోసి, పదితోనే కడగవచ్చు.

కెటిల్ దగ్గర సరిచూసుకోవడం

మన పేల్ ఏల్‌కు 5 × 300 × 0.75 = 1125 పాయింట్లు. 27 లీటర్లతో భాగిస్తే 41.7, అంటే మరిగే ముందు 1.042 ఉండాలి. 23తో భాగిస్తే 48.9, మరిగాక 1.049. నమూనాను గది వేడికి చల్లార్చాకే హైడ్రోమీటర్ (గ్రావిటీ కొలిచే సాధనం) పెట్టండి, అంతకుముందు కెటిల్ బాగా కలియబెట్టండి. రెండు దఫాల వర్ట్ కలవకుండా పొరలుగా ఉంటుంది. పైది పలచన, కిందిది చిక్కన.

గ్రావిటీ తక్కువ వస్తే తప్పు ఎక్కడుందో తొలి వర్ట్ చెబుతుంది. 5 కిలోలకు 16 పోసిన మాష్‌లో పిండి అంతా చక్కెర అయితే తొలి వర్ట్ 1.080 దగ్గర ఉంటుంది. 1.070 కూడా లేకపోతే లోపం మాష్‌లో ఉంది. మాల్టు సరిగా పగలలేదు, లేదా వేడి, పీహెచ్ తప్పాయి. ప్రతి గింజా పగిలి, పొట్టు నిలిచి, లోపల నూకలా ఉండాలి. మొత్తం పిండి అయిపోకూడదు. తొలి వర్ట్ బాగుండి మొత్తం మాత్రం తక్కువైతే లోపం స్పార్జ్‌లో, లేదా లీటర్లు ఎక్కువ పోశారు.

లీటర్లు ఎక్కువైతే ముందే మరిగించండి. రెండు లీటర్లు ఎక్కువంటే గంటకు 4 పోయే కెటిల్‌లో అరగంట. మొదటి హాప్స్‌ను ఆ అరగంట అయ్యాకే వేయాలి, లేకపోతే చేదు పెరుగుతుంది. మరిగాక తక్కువై చిక్కబడితే పాయింట్ల లెక్క వేయండి. 21 లీటర్లు 1.054 వద్ద ఉంటే 21 × 54 = 1134. దాన్ని 49తో భాగిస్తే 23.1. అంటే రెండు లీటర్ల మరిగించిన నీళ్లు కలపొచ్చు. లీటర్లు సరిగ్గా 23 ఉండి గ్రావిటీ 1.044 ఉంటే 5 × 23 = 115 పాయింట్లు లోటు. పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కిలోకు సుమారు 365 పాయింట్లు ఇస్తుంది కాబట్టి 315 గ్రాములు మరుగులో కలిపితే సరిపోతుంది.

చివరగా, తొలి వర్ట్‌ను స్పార్జ్ మొదలుపెట్టక ముందే కొలిచి రాసుకోండి. కెటిల్‌లో 10.7 కనబడితే 1.02తో భాగించండి, చన్నీళ్ల లెక్కలో 10.5. పోసినవి 16, డెడ్ స్పేస్ 1, వచ్చినవి 10.5. గింజలు పీల్చింది 4.5, కిలోకు 0.9. వచ్చే బ్రూకు అదే 5 కిలోలైతే మొత్తం 33 కాదు, 32.5. ఆ అర లీటరును స్పార్జ్‌లోంచి తీసేసి 16.5 కాచండి.